చిలుకమ్మ గీయని బాయి

చిలుకమ్మ పొద్దున లేవగానే ముందు చేసే పని గేటు తాళం గుంజి చూడడం. రాత్రి వేసింది తనే, పడుకునే ముందు రెండుసార్లు గుంజి చూసుకున్నదీ తనే. అయినా తెల్లారి ఇంకోసారి చూస్తే గానీ మొహం కడుక్కోబుద్ధి కాదు. ఆ తర్వాత పెరట్లోకి పోయి, బాయి గట్టు మీద వంగి, నీళ్లు నిన్నటంత పైనే ఉన్నాయో లేదో చూసుకుంటుంది. జానెడు దిగినట్టు అనిపించినా ఆ రోజంతా ఎవరో తోడుకపోయారనే ధ్యాసే. గేటుకు తాళముంది, గోడ ఎత్తుంది, ఎవలు తోడుకపోతరే అని భర్త వెంకట్రాజం అంటే, గోడ ఎత్తుందని చెప్పుకునే ఇంట్లోనే దొంగలు పడతారని జవాబు. వెంకట్రాజం డోర్నకల్‌లో రైలు పట్టాల పనిలో ఉన్నాడు. పదిహేను రోజులకోసారి వచ్చి రెండు రోజులుండి పోతాడు. ఆ రెండు రోజుల్లో భార్య అనుమానాలు తీర్చడం అయ్యే పని కాదని పెళ్లైన ఏడే తెలుసుకున్నాడు.

ఆ బాయి మీదనే చిలుకమ్మ బతుకు. పెరట్లో ఆరు మడులు, వాటిలో పుంటికూర, తోటకూర, పాలకూర, కొత్తిమీర. పొద్దున నీళ్లు పెట్టి, కోసి, కట్టలు కట్టి, గంప నెత్తికెత్తుకొని ఫస్ట్ బస్సుకు ములుగు పోయి, అమ్ముకొని పదకొండింటికల్లా ఇల్లు చేరుతుంది. ఎండలు ముదిరాయంటే దొడ్లకుంట ఊళ్లో సగం బోరింగులు గాలి కొడతాయి. ఆమె బాయి మాత్రం తగ్గదు. దిష్టి తగులుతుందని ఆ సంగతి ఎవరితోనూ అనదు. పెరటి గోడకు అవతల జుబేదా వాళ్ల ఇల్లు. బట్టలారేసే నెపంతో జుబేదా గోడ మీది నుంచి బాయిని చూస్తుందని చిలుకమ్మకు గట్టి నమ్మకం. జుబేదాది వరంగల్ కొత్తవాడ. వలీని పెళ్లి చేసుకొని ఈ ఊరు వచ్చేటప్పుడు మగ్గం వెంట తెచ్చుకొని, గోడకు ఆనుకున్న గదిలో బిగించుకొని నేల మీద పరిచే జంఖానాలు నేస్తుంది. ఆ చప్పుడు తన మొక్కలకు పడడం లేదని చిలుకమ్మ రెండు మూడుసార్లు కొట్లాటకు కూడా పోయింది.

అట్లాంటి ఊరికి ఏప్రిల్ నెలలో నీళ్ల పథకం తరఫున రమ అనే అమ్మాయి వచ్చింది. భుజాన బ్యాగు, చేతిలో చుట్టిన చార్టు కాగితం. ఈ ఏడు మీ ఊరికి ఒక కొత్త బోరు, దాని పైపులైను వస్తున్నాయి, అవి ఎక్కడ పడాలో పైవాళ్లు చెప్పరు, మీరే తేల్చుకోవాలి అంది. దానికి ముందు ఊరంతా కలిసి పంచాయతీ ఆఫీసు ముందర ముగ్గుపిండితో తమ ఊరిని గీయాలి. ఇంటికో డబ్బా, బాయికో సున్నా, పశువుకో చింతగింజ, డాబా మీద డాబా ఉంటే డబ్బాలో ఇంకో డబ్బా. తాను మాత్రం పిండి ముట్టనని, అది పథకం రూలని చెప్పింది.

ఊరు ఒకరి మొహం ఒకరు చూసుకుంది. ఎలక్షన్ల ముందు తప్ప మీకేం కావాలని ఇన్నేళ్లలో అడిగిన పాపాన పోయినవాళ్లు లేరు. అడగకుండా తీసుకున్నవాళ్లను ఊరు చూసింది, అడిగి మరీ ఇచ్చేవాళ్లు ఉంటారంటే నమ్మకం కుదరలేదు. చిలుకమ్మకైతే అసలే కుదరలేదు. పన్నెండేళ్ల కింద ఒకాయన ఇట్లాగే వచ్చి, ఆమె ఇంట్లో చాయ్ తాగి, కాగితం మీద ఒక గీత గీసుకొని పోయాడు. ఏడాది తిరిగేసరికి ఆ గీత కాలువై వచ్చి ఆమె అరెకరం తీసుకపోయింది. చాయ్‌లో చక్కెర తక్కువైందని కూడా అన్నాడు ఆ మహానుభావుడు. అప్పటి నుంచి గీతలు గీసేవాళ్లంటే ఆమెకు ఒళ్లు మంట.

అగ్గికి ఆజ్యం పోసినవాడు సదానందం. మాజీ సర్పంచ్, ఊళ్లో డాబా మీద డాబా ఉన్న ఒకే ఒక్క మనిషి. ఆ వారమంతా ఎవరు ఒంటరిగా కనబడితే వాళ్లను పక్కకు పిలిచి గొంతు తగ్గించి ఒకటే మాట చెప్పాడు. ఉన్నది చూపెడితే ఉన్నోళ్ల లిస్టులో పడతారు, బాయి ఉన్నోళ్లకు నీళ్లెందుకంటారు, నీ మేలు కోరి నీకొక్కదానికే చెప్తున్నాను, నా పేరు తియ్యకు. ప్రతివాళ్లూ ఆ మాట తమకొక్కరికే చెప్పాడనుకొని కొంగుకు ముడివేసుకున్నారు.

ఆదివారం నాడు ఆడవాళ్లు కొంగులు దోపుకొని ముగ్గుకు దిగారు. చిలుకమ్మ చెయ్యి ముగ్గుకు పెట్టింది పేరు. తన ఇల్లు గీసింది, గేటు గీసింది, గేటు మీద తాళానికి ఒక చుక్క కూడా పెట్టింది. నిమ్మచెట్టు, జామచెట్టు, ఆరు మడులు గీసింది. బాయి గీయలేదు. మడులకు నీళ్లెక్కడివని పక్కవాళ్లు అడగవచ్చు, కానీ ఎవరూ అడగలేదు. అడిగితే తమనూ అడుగుతారు. జుబేదా తన ఇంటికి మగ్గం గది తగిలించలేదు. రెండు బర్రెలున్న వెంకటయ్య ఒక్క చింతగింజే పెట్టి, రెండోదాన్ని జేబులో వేసుకున్నాడు. సదానందం భార్య ఒకటే డబ్బా గీసి చేతులు దులుపుకుంది. అంతా అయ్యాక రమ ఆ ముగ్గు చుట్టూ రెండుసార్లు తిరిగి, ఇంత ఊరికి ఒక్క బాయి కూడా లేదా అని ఆశ్చర్యపోయింది. అన్నీ పూడిపోయినయి మేడం అన్నారు నలుగురు ఒకేసారి. శుక్రవారం గ్రామసభలో దీన్ని చార్టు మీదికి ఎక్కించి సంతకాలు పెడదామని, ఆ తర్వాత మార్చడానికి ఉండదని చెప్పి ఆమె జీపెక్కింది. ఆ సాయంత్రం గాలిదుమారం వచ్చింది, మేకలు ఆ జాగలోంచే నడిచిపోయాయి, కోళ్లు కెలికాయి. ముగ్గు రవ్వంత కూడా చెదరలేదు.

సోమవారం పొద్దున చిలుకమ్మ తాళం గుంజి చూసుకొని పెరట్లోకి పోయేసరికి బాయి లేదు. బాయి ఉన్నచోట చదునైన నేల, ఎండిన గడ్డి. గడ్డి మీద ఆమె బకెట్టు, తాడు. బాయి ఎట్లా పోతుందన్న ఆలోచన ఆమెకు రాలేదు, ఎవరు తీసుకపోయారన్నదే ఆలోచన. వెంటనే పీట వేసుకొని ఎక్కి గోడ అవతలికి చూసింది. జుబేదా పెరట్లో బాయి లేదు. గోడకు ఆనుకొని ఉండే గది లేక ఆ పెరడు ఎన్నడూ లేనంత వెడల్పుగా కనబడింది, నట్టనడుమ జుబేదా నెత్తికి చేతులు పెట్టుకొని నిలబడి ఉంది. చిలుకమ్మను చూసి గబుక్కున చేతులు దించి, లేని బట్టలు ఆరేసింది.

బాయి పోయిందని మొత్తుకుందామంటే, ఏ బాయి, పూడిపోయిందన్నావు గదా అంటారు. అందుకని పాలల్లోకి తోడు కావాలనే వంకతో గిన్నె పట్టుకొని ఇల్లిల్లూ తిరిగి ఒక్కొక్కరి పెరట్లోకి తొంగిచూసింది. వెంకటయ్య ఒట్టి పలుపు పట్టుకొని వాకిట్లో కూర్చున్నాడు. రెండో బర్రె ఏదని ఆమె అడగకముందే, చుట్టాలింటికి పోయిందన్నాడు. సదానందం ఇంటికి పై అంతస్తు లేదు, మెట్లూ లేవు. కింది డాబా మీద పొద్దు సూటిగా కొడుతోంది. రిపేరు చేయిస్తున్నానని ఆయన గోడ వైపు చూస్తూ చెప్పాడు. చిలుకమ్మ తోడు గిన్నెతో అక్కడే నిలబడిపోయింది. ముగ్గులో పెట్టనిది ఊళ్లో ఉండడం లేదని అప్పుడు అర్థమైంది. ఊరందరికీ అప్పటికే అర్థమై ఉంది. కానీ పోయిందని చెబితే దాచానని చెప్పినట్టే, అందుకని ఎవరూ నోరు విప్పలేదు. అందరూ మామూలుగానే పనులకు పోయారు, మామూలుకన్నా కొంచెం వేగంగా నడిచారు.

మంగళవారం, బుధవారం చిలుకమ్మ ఊరి చివరి బోరింగు నుంచి బిందెలతో నీళ్లు మోసింది. నెత్తిన బిందె, చంకలో బిందె, పోనురానూ మైలు దూరం. ఆరు మడుల్లో ఒక్క మడి కూడా సరిగా తడవలేదు. పుంటికూర తలలు వాల్చింది, కొత్తిమీర పసుపు తిరిగింది. అవి ఎండిపోతే మళ్లీ విత్తనం వేసి నలభై రోజులు కూర్చోవాలి, అదీ నీళ్లుంటే. శుక్రవారం చార్టు మీద సంతకాలు పడితే నీళ్లు ఇక ఎప్పటికీ లేనట్టే. ఆమెకు ఏడుపొచ్చింది. ఏడుస్తుంటే ఎవరైనా గోడ మీది నుంచి చూస్తారని ఇంట్లోకి పోయి ఏడ్చింది.

గురువారం పొద్దు పొడవకముందే గుప్పెడు ముగ్గుపిండి కొంగులో కట్టుకొని పంచాయతీ ఆఫీసుకు పోయింది. తన పెరడు ఎక్కడుందో చూసుకొని వంగి సున్నా చుట్టింది. పిండి నేలకు తాకగానే జారి, ఎటో పోయింది. ఇంకోసారి చుట్టింది, ఇంకోసారి పోయింది. తల తిప్పి చూస్తే నాలుగడుగుల దూరంలో జుబేదా, పిడికిలి వీపు వెనక.

“వాకింగ్ అక్కా. షుగర్ ఉన్నదన్నడు డాక్టర్,” అంది జుబేదా.

“నాకు గూడ గదే చెప్పిండు,” అంది చిలుకమ్మ.

ఇద్దరూ ఆ ముగ్గు చుట్టూ రెండు రౌండ్లు నడిచి, చెరొక దారిన ఇంటికి పోయారు. ఇద్దరి ఇళ్లూ ఒకే దారిలో ఉన్న సంగతి ఇద్దరూ మరిచిపోయారు.

శుక్రవారం ఊరంతా వచ్చింది, ఒక్కరూ సరిగా కూర్చోలేదు. రమ చార్టు పరిచి, ఏమన్నా కలపాలంటే ఇప్పుడే చెప్పండి అంది. సదానందం లేచి, ఉన్నది ఇంతే మేడం, ఎవరికీ బాయి లేదు గాబట్టి బోరు ఎక్కడైనా ఒకటే, నా పొలం పక్కన జాగ ఉంది, ఊరి కోసం ఇస్తాను అన్నాడు. పై అంతస్తు మళ్లీ కట్టుకోవచ్చు గానీ బోరు మళ్లీ రాదని లోపల లెక్క వేసుకున్నట్టున్నాడు. రమ పెన్ను మూత తీసింది. లేస్తే దాచిందంటారు, లేవకపోతే మడులు పోతాయి. దాచిందనిపించుకోవడం కన్నా మడులు పోవడమే ఆమెకు ఎక్కువ భయమేసింది. లేచింది.

“మేడం, నా బాయి గీయలే. దాసిపెట్టిన.”

అందరూ నేల వైపు చూశారు. రమ పిండి డబ్బా అందించింది. చిలుకమ్మ సున్నా చుట్టింది, పిండి జారిపోయింది. పాపమనిపించి రమ రూలు మరిచి తానే ఒక చిటికెడు తీసుకొని చుట్టింది. అదీ పోయింది. ఆమె చెయ్యి దులుపుకొని, ఇది మా చేతి పని కాదు లెండి అని పక్కకు జరిగింది. ఎవరు దాచింది వాళ్లే గీసుకుంటే నిలవడం లేదు, బయటివాళ్లు గీస్తే నిలవడం లేదు. ఇక మిగిలింది పక్కింటివాళ్లే.

“నేను గీత్త,” అంది జుబేదా. “నిమ్మచెట్టు కాణ్నుంచి పదకొండు అడుగులు, జామచెట్టు కాణ్నుంచి ఏడు. నాకు తెల్వదా?”

ఇన్నేళ్లూ గోడ మీది నుంచి చూసింది నిజమేనన్నమాట. చిలుకమ్మకు కోపం వచ్చింది, కానీ ఆ లెక్క ఊళ్లో ఇంకెవరికీ తెలియదు. జుబేదా పిండి తీసుకోబోయి ఆగి, ముందు నా మగ్గం గది గీయమంది, నీ బాయి గీశాక నువ్వు మాట తప్పితే నేనేం చెయ్యాలని. చిలుకమ్మ కూర్చొని గది నాలుగు గోడలూ గీసింది, తలుపు మాత్రం గీయలేదు. పిండి సున్నం వేసినట్టు నిలిచింది. తలుపు బాయి అయ్యాకే అంది. తలుపు లేని గదిని జుబేదా ఒక క్షణం చూసింది. తర్వాత వంగి, వేళ్లతో అడుగులు కొలుచుకుంటూ పోయి సున్నా చుట్టింది. ఆ సున్నా సగం చిలుకమ్మ పెరట్లో పడింది, సగం గోడకు అవతల.

“గోడ మీద గీసినవేందే?”

“చెయ్యి జారిందక్కా.”

చిలుకమ్మ కొంగుతో రుద్దింది, గోటితో గీకింది. ఒక్క రవ్వ కదలలేదు. అప్పుడు పిండి తీసుకొని మగ్గం గదికి తలుపు గీసింది. ఆ తలుపు తన పెరట్లోకి తెరుచుకునేటట్టు గీసింది. ఇప్పుడు జుబేదా తన మగ్గం దగ్గరికి పోవాలన్నా చిలుకమ్మ గేటు ముందు నిలబడాలి. జుబేదా కళ్లు పెద్దవి చేసింది.

“నాకు గూడ జారింది,” అంది చిలుకమ్మ.

రమ ఇద్దరి మొహాలూ చూసి, ఉన్నదున్నట్టు చార్టు మీదికి ఎక్కించింది. ఆ తర్వాత ఒక్కొక్కరే లేచారు. పొద్దు వాలేదాకా ఊరు ఊరంతా పక్కింటివాళ్ల చేతులు పట్టుకొని బతిమాలింది. చిలుకమ్మ వాళ్లుండే కింది వాడలో అయిదు బాయిలు తేలాయి. మీది వాడలో ఎంత అడిగినా ఒక్కటీ తేలలేదు, వాళ్ల దగ్గర దాచడానికే ఏమీ లేదు. అది ముగ్గులో చిన్నపిల్లలకు కూడా కనబడింది, బోరు మీది వాడకేనని రాసి అందరూ సంతకాలు పెట్టారు, సంతకం రానివాళ్లు వేలిముద్ర వేశారు. చిలుకమ్మ బాయి నీళ్లు కావాలని ఎవరూ అడగలేదు. సదానందం పై అంతస్తును చాలాసేపటికి వెంకటయ్య గీశాడు, మెట్లకు వచ్చేసరికి పిండి అయిపోయిందన్నాడు. సదానందం ఇప్పటికీ నిచ్చెన వేసుకొనే పైకి పోతున్నాడు.

ఇంటికి పోయేసరికి బాయి వచ్చి ఉంది. పెరటి గోడ వచ్చి గట్టు దగ్గర ఆగి, అవతలి గట్టు దగ్గర మళ్లీ మొదలైంది. నీళ్లు మునుపటంత పైనే ఉన్నాయి. జుబేదా అప్పటికే తన సగం మీద గిరక బిగించింది. మూడు రోజులు చిలుకమ్మ ఆమెను గేటు బయట నిలబెట్టి, ఒక్కో పోగు దారానికి ఒక్కోసారి లేచి గేటు తీసింది. రోజుకు ఇరవైసార్లు తీసి తీసి మోకాళ్లు పట్టేశాయి. నాలుగో రోజు రెండో తాళంచెవి తెచ్చి, విసిరేసినట్టు ఆమె చేతిలో పెట్టింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మే నెల మధ్యలో ములుగు నుంచి వస్తూ చిలుకమ్మ బస్టాండు నుంచి ఇంటికి నడిచే దారిలోనే కళ్లు తిరిగి పడిపోయింది. వడదెబ్బ. వెంకట్రాజం పరుగున వచ్చి దవాఖానలో చూపించి, రెండు సెలైన్లు ఎక్కించి, సెలవు లేక తిరిగి డ్యూటీకి పోయాడు. ముందరి గదిలో మంచం మీద ఆమె లేవలేక పడి ఉంది. వంటకు మీది వాడ నుంచి వెంకట్రాజం మేనత్త వచ్చి గంజి కాచి పోయేది, ముసలామెకు పెరట్లోకి పోయే ఓపిక లేదు. తోడే దిక్కులేని మడులు ఆ ఎండకు రెండు రోజులు కూడా ఆగవని చిలుకమ్మకు తెలుసు. ఈ ఏటికి బతుకు పోయినట్టేనని గోడ వైపు తిరిగి ఏడ్చింది.

మూడో రోజు పొద్దున గిరక చప్పుడు వినబడింది. జుబేదా వైపు గిరక. చిలుకమ్మ పడుకొనే లెక్కపెట్టింది. అరవై బకెట్లు. మరునాడు డెబ్బై. ఇద్దరు మనుషులున్న ఇంటికి డెబ్బై బకెట్లెందుకు? ఎవరికి అమ్ముతోంది? నేను పడ్డానని తెలిసి బాయి అడుగు చూస్తోంది గదా అని ఒళ్లు ఉడికిపోయింది. జ్వరంలో కూడా లెక్క తప్పలేదు. లేవగలిగిన రోజున ఏమేం అడగాలో వరసగా పేర్చుకుంది. ఆ కోపమే ఆమెకు మందులా పని చేసింది.

తొమ్మిదో రోజు గోడ పట్టుకొని లేచింది. పట్టుకుంటూ పట్టుకుంటూ పెరటి గుమ్మం దాకా వచ్చింది. ఆరు మడులూ నల్లగా తడిసి ఉన్నాయి. పుంటికూర మోకాలెత్తు లేచింది. మగ్గం గది తలుపు బార్లా తెరిచి ఉంది, జుబేదా పైజమా మోకాళ్ల దాకా మడుచుకొని కొత్తిమీర మడిలో బకెట్టు వంచుతోంది. గంప మూలకు లేదు. చిలుకమ్మ చూపు అటు పోవడం గమనించి జుబేదా, కట్టలు కట్టి వలీతో ఫస్ట్ బస్సుకు పంపిన్నక్కా, రోజూ పోతాండు అంది.

చిలుకమ్మ పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. బాయి ఎప్పటిలాగే గోడకు ఇవతల ఉంటే, ఆ తలుపు అటే తెరుచుకుంటే, ఈ పాటికి ఇక్కడ ఒట్టి మట్టి ఉండేది. ఇద్దరూ ఒకరినొకరు మోసం చేసుకోవడం వల్లనే తన బతుకు నిలిచిందని తలచుకుంటే ఆమెకు సిగ్గేసింది, కడుపు నిండినట్టూ అనిపించింది. నెమ్మదిగా మడి గట్టు దాకా పోయి కాలి బొటనవేలితో బురద నొక్కి చూసింది.

“పుంటికూరకు గిన్ని నీళ్లు పోత్తరానే ఎవలన్న? ఏర్లు కుళ్లవా?”

“ఎన్ని పొయ్యాల్నో చెప్పేటామె పండుకున్నది గద,” అంది జుబేదా, ఇంకో బకెట్టు వంచుతూ.

చిలుకమ్మ బాయి గట్టు మీద కూలబడింది. కూర్చున్నది జుబేదా వైపు సగం మీదనని కాసేపటికి గానీ చూసుకోలేదు. చూసుకున్నాక కూడా లేవలేదు.